పట్నం మీద దురాయి

పెళ్లయిన కొత్తలో, నా మొగుడికి దురాయి అనే ఆడదానితో సంబంధం ఉందని నేను గట్టిగా నమ్మాను. అందులో నా తప్పేం లేదు. మాది కావలి. మా నాన్నకి స్టేషన్ దగ్గర సైకిల్ షాపు. సముద్రం మీద వేటకి పోవడం మా తాతతోనే ఆగిపోయింది, ఆయనతో పాటే ఆ వేట మాటలూ మా ఇంట్లోంచి పోయాయి. విడవలూరు దాటి సముద్రం ఒడ్డున ఉన్న ఈ పాలెంలో మాట్లాడేది తెలుగే అయినా, కాపురానికి వచ్చిన కొత్తలో సగం మాటలు నాకు అర్థమయ్యేవి కావు.

వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కిన రోజులవి. మా ఆయన మధుబాబు దొడ్లో నిలబడి ఫోన్లో గుసగుసలాడుతున్నాడు. నేను గిన్నెలు తోముతూ చెవులు అటు పడేశాను.

“పట్నం పోవాలని నాకు మాత్రం ఉండదంట్రా? రోజూ మనసు అటే లాగతాంది. కానీ దురాయి ఉంది గదా. దురాయిని కాదని ఎట్ట పోయేది? ... బిందుకా? దానికి చెప్పలా. దానికేం తెలుసు దురాయి సంగతి?”

ఇక్కడి వాళ్లకి పట్నమంటే చెన్నై. దురాయి అంటే ఏదో అరవ పేరు అనుకున్నాను, చెల్లాయి, పేచ్చాయి లాగా. అంటే ఆవిడ ఈ పాలెంలోనే ఉంది, ఆవిడని కాదని ఈయన ఎక్కడికీ కదల్లేడు, ఆ సంగతి నాకు చెప్పడు. ఇంకేం కావాలి? సంబంధం సంగతి అట్లా ఉంచండి, ‘దానికేం తెలుసు’ అన్న మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తోముతున్న గిన్నె అక్కడే పడేసి ఇంట్లోకి పోయాను. మా అత్త ఆదిశేషమ్మ గడపలో కూర్చుని ఎండు నెత్తళ్లు ఏరుతోంది.

“అత్తా, దురాయి ఎవురు?”

“ఎవురేంది?”

“నాకంతా తెలుసులే. అదెవురో చెప్పు, యాడుంటుందో చెప్పు. మిగతాది నేను చూసుకుంటా.”

అత్త నా మొహం కేసి చూసింది, చేట పక్కన పెట్టింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఆగేసరికి నా కోపం సగం చల్లారిపోయింది.

“ఓసి నీ తెలివి తగలెయ్య! దురాయి అంటే మనిషి కాదే, కట్టు. గంగమ్మ జాతరప్పుడు ఊరి పెద్దలు, అదే మన కాపులు, చెప్తారు గదా, ఈ పూట ఎవురూ పడవ దించకూడదు అని. అదీ దురాయి. అది ఏసినాక ఇంగ ఎంత మొనగాడైనా నీళ్లల్లో కాలు పెట్టడు. పెట్టినాడా, ఊరికి తప్పు కింద జరిమానా కట్టాల.”

“మరి బావ పట్నం పోకుండా ఎవురేసినారు?”

“ఆ పట్నమా? అది టీవీలో ఊరు లేమ్మా. వాడూ సుధాకర్ గాడూ కలిసి ఏసుకున్నారు, పనీ పాటా లేక.”

సుధాకర్ అంటే మధుకి చిన్నప్పటి నుంచీ జోడీ. పక్కింట్లో పుట్టాడు, ఈయనకంటే కాస్త చిన్న. ఇప్పుడు తడ దగ్గర ఏదో కంపెనీలో పని చేస్తూ, సెలవు దొరికిన ఆదివారం ఇంటికి వస్తాడు. పెళ్లికి ముందే ఇద్దరూ కలిసి నెల్లూరులో ఒక పాత ప్లేస్టేషన్ కొన్నారు. దాన్లో వాళ్లు ఆడేది ఒకటే ఆట. ఒక గుర్రపు మనిషి కొండలూ అడవులూ పట్టుకుని తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాడు. ఎటు తిరిగినా దూరంగా ఒక పట్నం కనబడుతుంది. తెల్లటి బురుజులు, బంగారు రంగు గోపురాలు, కింద సముద్రం. ఆ ఆట ఇంకా అమ్మకానికి రాకముందు వదిలిన వీడియో నిండా ఆ పట్నమే. కొత్త మనిషి కోట తలుపు దాటగానే పైనుంచి బూరలు ఊదుతారు. ఆ వీడియోని వీళ్లిద్దరూ చూసి చూసి, ఆ బూరనే ఇద్దరి ఫోన్లకీ రింగ్‌టోనుగా పెట్టుకున్నారు. అందుకే దురాయి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే తప్ప ఎవరూ పట్నంలో అడుగు పెట్టకూడదు.

ఇదంతా తెలిశాక నా మనసు కుదుటపడాలి కదా, పడలేదు. దురాయి ఆడదై ఉంటే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి ఉండేదాన్ని. దీనికి పట్టుకోవడానికి జుట్టు కూడా లేదు.

ఆ సాయంత్రం పక్కన కూర్చుని మంచిగానే అడిగాను.

“బావా, నన్ను పట్నం లోపలికి తీసకపో.”

“సుధాకర్ని రానీ.”

“నేను పక్కనుంటే చాలదా?”

“దురాయి బిందూ. ఎట్ట తప్పేది?”

చూడండి, తాళి కట్టించుకున్న దాన్ని నేను. ఒక బొమ్మల ఊళ్లోకి నాతో పోవడానికి ఈయనకి ఇంకొకడు కావాలి. ఆ రోజు నుంచి నాకు పట్నమన్నా పడలేదు, సుధాకరన్నా పడలేదు. ఇద్దరిలో నాకు సవతి ఎవరో మాత్రం తేలలేదు.

పాత సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. మా పెళ్లి ఫోటోల్లో ఈయనకి ఈ పక్క నేనుంటే ఆ పక్క సుధాకర్, ఫోటోగ్రాఫర్ జరగమన్నా జరగలేదు. మంచి వంజరం పడితే సుధాకర్‌కి ఇష్టమని సగం ఫ్రిజ్‌లో పెట్టించేవాడు. నాకేం ఇష్టమో ఈనాటికీ ఆయనకి తెలియదు. నేను చెప్పను కూడా. తెలుసుకోవాలి.

వీటన్నిటికంటే నన్ను కాల్చింది ఆ కొండ. రోజూ సాయంత్రం గుర్రాన్ని కొండెక్కించి, మనిషిని కిందికి దింపి, ఒక బండ మీద కూర్చోబెడతాడు. ఎదురుగా పట్నం. టీవీలో పొద్దు గుంకి, బురుజుల మీద దీపాలు వెలిగేదాకా కదలడు, మాట్లాడడు. కాఫీ తెచ్చి పెడితే చల్లారిపోయేది. మా పెళ్లిచూపుల రోజు ఈ మనిషి నా వంక కాకుండా మా ఇంటి ఫ్యాను వంక చూశాడు. ఆ గోడల వంక మాత్రం రెప్ప వేయకుండా చూస్తాడు.

సుధాకరేమో రాడు. ఒక ఆదివారం డ్యూటీ అన్నాడు, ఇంకో ఆదివారం జ్వరం అన్నాడు, ఆ తర్వాత రూమ్మేట్ చెల్లెలి పెళ్లి అన్నాడు. ఫోన్ పెట్టేసినప్పుడల్లా ఈయన మొహం వాడిపోయేది. రాని వాడి కోసం అంత వాడిపోవడం చూస్తే, నేను పుట్టింటికి పోయినప్పుడు ఈ మొహం ఎట్లా ఉండేదో అత్తని అడగాలనిపించేది. అడగలేదు. ఏం చెబుతుందో అని భయం.

ఒకరోజు మధు పడవ ఇంజన్ బాగుచేయించడానికి నెల్లూరు పోయాడు. పొద్దుగూకితే గానీ రాడు. అత్త చింతపండు గుజ్జు తీస్తోంది. నేను పొయ్యి మీద కుక్కర్ పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. కంట్రోలర్ పట్టుకోవడం రోజూ చూసి నేర్చుకున్నదే. దురాయి వేసుకున్నది వాళ్లిద్దరు, నేను కాదు. పైగా సవతి మొహం ఎట్లా ఉంటుందో చూసే హక్కు ఏ ఆడదానికైనా ఉంటుంది.

గుర్రాన్ని కొండ దింపి నేరుగా కోట తలుపు దగ్గరికి తోలాను. తలుపులు తెరుచుకున్నాయి.

లోపల ఒక వీధి ఉంది. ఒకే ఒక వీధి.

కొండ మీద నుంచి అంత గొప్పగా కనిపించిన బురుజులకి మెట్లు లేవు. వీధికి అటూ ఇటూ ఇళ్లు, ఏ తలుపు తట్టినా తెరుచుకోదు. మనుషులున్నారు కానీ అందరికీ ఒకటే మొహం, గడ్డం ఉంటే మగవాడు, లేకపోతే ఆడది. ఒక చేపలమ్మి బుట్ట ముందు నిలబడి ఉంది. పలకరిస్తే “శుభం కలుగుగాక, బాటసారీ” అని ఇంగ్లీషులో అంది. చేప ధర అడుగుదామంటే దానికి వేరే మాట రాదు. నేను డిగ్రీ దాకా చదివింది ఈ ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం చేసుకోవడానికా అనిపించింది. రేవుకి పోయాను. పడవలు నీళ్లకి మేకులు కొట్టినట్టు కదలకుండా ఉన్నాయి. వల లేదు, వల కుట్టే మనిషి లేడు, రేవన్నాక ఒక్క కాకి అయినా ఉండాలి కదా, అదీ లేదు. రాజుగారు సింహాసనం మీద కూర్చుని గోడతో మాట్లాడుతున్నాడు. కుక్కర్ కూత వేసేలోపు ఊరంతా చూసేశాను. మా కావలి ట్రంకు రోడ్డు దీనికంటే వెయ్యి రెట్లు నయం.

నాకు సంతోషం కలగాలి. సవతి ఇంత అనాకారిది అయినందుకు ఎగిరి గంతెయ్యాలి. కానీ చెబితే నమ్మరు, ఏడుపు వచ్చింది. అందగత్తె కోసం నన్ను పక్కన పెట్టాడంటే అదొక తీరు. ఈ మొహం కోసమా నా కాఫీలన్నీ చల్లారిపోయింది?

వీధి చివర ఒక సత్రం కనబడింది. ఊరు మొత్తానికి అదొక్కటే తలుపు తెరుచుకుంది. లోపల బోడిగుండు మనిషి నన్ను చూసి చేతులు జోడించాడు. “మళ్లీ వచ్చారా అయ్యా? మీ గది అట్లాగే ఉంచాను,” అన్నాడు.

మళ్లీనా?

అప్పుడు తట్టింది నాకు, కోట తలుపు దాటినప్పుడు బూర ఊదలేదు. కొత్తవాళ్లకే ఊదుతారు. ఈ ఇంట్లో ఉన్న ఈ డబ్బాలో, ఈ గుర్రపు మనిషిని నడిపించి ఎవరో ఇంతకు ముందే పట్నం చూసేశారు. సుధాకర్ ఎన్నాళ్లుగానో రాలేదు. అత్తకి టీవీ ఆపడం కూడా రాదు. మిగిలింది నా మొగుడు.

గుర్రాన్ని మళ్లీ కొండ మీద, అదే బండ పక్కన నిలబెట్టి టీవీ ఆపేశాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో, అన్నం మాడింది. సాయంత్రం ఈయన వచ్చి మాడిన అన్నమే తిని, టీవీ పెట్టి, లోపల ఏమీ లేదని తెలిసిన ఆ పట్నాన్ని మళ్లీ అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన్ని చూశాను. దురాయి తప్పిన మనిషి, రోజూ సుధాకర్‌కి ఫోన్ చేసి “నువ్వు రారా, నువ్వొస్తేనే” అంటున్నాడు. ఎందుకు? నాకు అంతు పట్టలేదు. అడిగితే నేను పోయిన సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను అంతసేపు నోరు మూసుకున్నది లేదు.

తర్వాతి ఆదివారం సుధాకర్ వచ్చాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ చాప వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు. నేను వెనక కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. కంట్రోలర్ మధు చేతిలో ఉంది. గుర్రం కొండ దిగింది. కోట దగ్గరికి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

బూర ఊదలేదు.

చిక్కుడుకాయ చేతిలో అట్లాగే పట్టుకుని సుధాకర్ మొహం చూశాను. ఆ బూర రింగ్‌టోనుగా పెట్టుకున్న మనిషి ‘బూర ఏదిరా’ అని అడగాలి కదా? అడగలేదు. మధు వంక ఒక్కసారి చూసి, గబుక్కున టీవీ వైపు తిరిగి, “అబ్బా! ఏం కట్టినార్రా గోడలు!” అన్నాడు.

“చూడు చూడు, ఆ బురుజు చూడు,” అన్నాడు మధు.

“మన నెల్లూరు ఊరంతా పట్టిద్ది దీంట్లో.”

“పట్టిద్ది మరి.”

ఒక్క తలుపు కూడా తట్టలేదు ఇద్దరూ. తెరుచుకోవని తెలిసినవాళ్లే అట్లా తట్టకుండా పోతారు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. సుధాకర్ కూడా ఎక్కడో ఈ పట్నం చూసేశాడు. బూర గురించి అడిగితే మధు దొరికిపోతాడని అడగడం లేదు. ఇద్దరికీ ఆ ఊళ్లో ఏమీ లేదని తెలుసు. ఒకడి ఆశ చెడుతుందని ఇంకొకడు, వాడి ఆశ చెడుతుందని వీడు, ఖాళీ వీధిలో నిలబడి నోరెళ్లబెట్టి మెచ్చుకుంటున్నారు.

నా కోసం ఈ మనిషి ఎప్పుడైనా ఇట్లా ఒక అబద్ధం ఆడాడా? కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే “కరెంటు బిల్లు వచ్చిందా” అని అడిగినవాడు, వీడి కోసం మెట్లు లేని బురుజుని పొగుడుతున్నాడు.

“బూర ఊదలేదేం?” అన్నాను.

ఇద్దరూ టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగారు.

“వీడియోలో ఊదినారు గదా. కొత్తోళ్లొస్తే ఊదతారంట. మీకెందుకు ఊదలా?”

మధు చెవులు ఎర్రబడ్డాయి. సుధాకర్ తడుముకోకుండా, “నెట్టు స్లోగా ఉన్నట్టుంది వదినా,” అన్నాడు. నా మొగుణ్ని నా ఎదుటే, నా నుంచే కాపాడుతున్నాడు!

“ఆహా. ఆ సత్రంలో బోడిగుండోడు ‘మళ్లీ వచ్చినారా’ అంటాడే, అదీ నెట్టు స్లో అయ్యేనా?”

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఇద్దరూ మెల్లగా వెనక్కి తిరిగారు.

“నీకెట్ట తెలుసు?” అన్నాడు మధు.

“నీకెట్ట తెలిసిందో అట్నే.”

టీవీలో ఆ చేపలమ్మి మళ్లీ శుభం కలగమంది. చివరికి సుధాకరే తల గోక్కున్నాడు.

“నేను తడలో చూసినా రా. రూమ్మేటు గాడి దగ్గర. ఉగాదికి ముందే. ఉండబట్టలా. చూస్తే ఏముందీ, మట్టి. నువ్వేమో రోజూ ఫోన్లో ‘పట్నం రా, పట్నం రా’ అంటివి. నీకెట్ట చెప్పేది? అందుకే రాకుండా జరుపుకుంటా వచ్చినా.”

“నేనూ అంతేరా,” అన్నాడు మధు. “నువ్వు రాలేదని ఒకరోజు కోపంలో పోయినా. పోయి బయటికొచ్చి కొండ మీద కూర్చున్నా. ఆడినుంచి బాగుంటది గదా. నువ్వొస్తే ఆడినుంచే చూపిచ్చి ఇంకోరోజు పోదాంలే అందామనుకున్నా. తీరా నువ్వొచ్చి చాప మీద కూర్చున్నాక ఆ మాట అనలేకపోయినా.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు మొదలైంది. పొట్టలు పట్టుకుని, చాప మీద దొర్లి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఎవడు ఎవడికి తప్పు కట్టాలిరా అని ఒకడంటే, ఆ గోడతో మాట్లాడే రాజుకి కడదాంరా అని ఇంకొకడు. వాళ్ల గుట్టు రట్టు చేద్దామని నేను నోరు తెరిస్తే, అది కూడా వాళ్లకే పండగైంది. నేను చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయాను. పిలుస్తారేమో అనుకున్నాను. పిలవలేదు.

సాయంత్రం బస్సుకి సుధాకర్ వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఈసారి డ్యూటీ అని గానీ జ్వరం అని గానీ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది కదా. పట్నం అయిపోయింది. మధు ఫోన్ చేయడం తగ్గించాడు. ప్లేస్టేషన్ అమ్మేద్దామా అన్నాడు ఒకసారి. కొండ లేదు, బండ లేదు. కాఫీ వేడిగా తాగుతున్నాడు. నాకు కావలసింది ఇదే కదా, మొగుడు మొత్తంగా నాకే దక్కాడు.

దక్కాడంటే, నా పక్కన కూర్చుని గోడ వంక చూస్తున్నాడు. నేను ఏదైనా చెబితే ఊ కొడతాడు, మళ్లీ చెప్పమంటే ఏం చెప్పానో తెలియదు. అంతకు ముందు నేను కుళ్లుకోవడానికి ఎదురుగా ఒక పట్నమైనా ఉండేది. ఇప్పుడు ఖాళీ గోడని చూసి కుళ్లుకోవలసి వచ్చింది. నా పక్కన కూర్చుని ఇంకొకడి కోసం దిగులు పడే మొగుడికంటే, ఆ ఇంకొకడు కూడా ఎదురుగా కూర్చుని ఉంటేనే నయం. కనీసం ఇద్దర్నీ ఒకేసారి తిట్టొచ్చు.

నిషేధం ఇంకా కొన్నాళ్లుందనగా, ఒక సాయంత్రం ఈయన ఊసుపోక టీవీ పెట్టి, గుర్రాన్ని పట్నం అవతలికి తోలాడు. ఎవరూ పట్టించుకోని మూల అది. ఇసకదిబ్బలు దాటాక సముద్రం పక్కన నాలుగు గుడిసెలు, పొగ, ఎండబెట్టిన వల లాంటిదేదో కనబడ్డాయి. ఏ వీడియోలోనూ లేని ఊరు. గుర్రం అటు తిరిగింది.

“ఆగు!” అని కంట్రోలర్ లాక్కున్నాను.

“ఏందే?”

ఆయన ఫోనే తీసుకుని సుధాకర్‌కి చేసి, స్పీకర్ పెట్టాను.

“ఏమయ్యా సుధాకరూ, ఇక్కడ సముద్రం పక్కన ఒక పాలెం కనబడింది. లోపలేముందో మాకు తెలీదు. నువ్వొచ్చి కూర్చునిందాకా దాంట్లో ఎవురూ అడుగు పెట్టేది లేదు. దురాయి.”

“ఎవురేసినారు వదినా?”

“నేనేసినా. ఈసారి ముగ్గురికీ. ఆ రూమ్మేటు దగ్గరికి పోయి ముందే చూసినావని తెలిసిందా, తప్పు నాకు కట్టాల. నీ మొగం చూస్తే నేను కనిపెట్టేస్తా, తెలుసు గదా.”

“తెలుసు తల్లీ,” అన్నాడు సుధాకర్. “ఆదివారం పొద్దున బస్సుకే వస్తా.”

గడపలోంచి అత్త, “ఆడది దురాయి వెయ్యడం నేను యాడా చూడలా,” అని గొణిగింది. “ఇప్పుడు చూసినావు గదా,” అన్నాను.

ఫోన్ ఇచ్చేద్దామని తిరిగితే మధు నా వంక చూస్తున్నాడు. మొహమంతా వెలిగిపోతోంది. పెళ్లి పీటల మీద కూడా ఆ మొహానికి అంత కళ లేదు. ఆ కళ సుధాకర్ వస్తున్నాడని వచ్చింది, నా కోసం కాదు. నాకు తెలుసు, తెలిసి మళ్లీ ఒళ్లు మండింది కూడా. కానీ దాన్ని తెప్పించింది నేను, ఆ సుధాకర్ కాదు. కంట్రోలర్ ఆయన చేతికి ఇవ్వకుండా నా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.